అలల్లో చుక్కాని పడే వృథా శ్రమ

నడిసముద్రంలో ఓడను ఆటోపైలట్‌కు అప్పగించాక, ముక్కు ఎంత సూటిగా నిలిస్తే ఇంధనం అంత మిగులుతుందని చాలామంది నమ్ముతారు. లెక్క వేసి చూస్తే ఆ నమ్మకం నిలబడదు. నిర్ణీత దిశకు అటో ఇటో ఎప్పుడూ 2 డిగ్రీలు తప్పి నడిచినా, 100 నాటికల్ మైళ్లకు అదనంగా పడే దూరం సుమారు 113 మీటర్లే. చాలా సరుకు ఓడల పొడవే అంతకన్నా ఎక్కువ.

అసలు ఖర్చు ఆ తప్పును దిద్దే తీరులో ఉంది. చుక్కాని వాలినప్పుడు దాని మీద నీరు మోపే బలంలో కొంత భాగం ఓడను వెనక్కి లాగుతుంది. చిన్న కోణాల్లో ఈ నిరోధం కోణపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కనుక, 3 డిగ్రీలతో సరిపోయే చోట 6 డిగ్రీలు తిప్పితే నష్టం దాదాపు నాలుగింతలవుతుంది. కంటికి ఆనని నష్టం మరొకటి ఉంది. ఓడ పట్టాల మీది రైలులా మలుపు తిరగదు. ముక్కును వంపు లోపలికి పెట్టి, పక్కకు జారుతూ తిరుగుతుంది. అప్పుడు పుట్టే అపకేంద్ర బలంలో ఒక భాగం ఓడ పొడవు వెంబడి వెనక్కి పనిచేస్తుంది, దాన్ని కూడా ప్రొపెల్లరే భరించాలి.

ఎదురు అలల్లో బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద చుక్కాని కోణం చూపే ముల్లును కాసేపు గమనిస్తే ఈ వృథా స్పష్టంగా తెలుస్తుంది. అల తాకి ముక్కు ఒక డిగ్రీ ఎడమకు పోగానే ముల్లు కుడికి పరుగెడుతుంది. ఆ దిద్దుబాటు ఫలించేలోపే ముక్కు దానంతట అదే వెనక్కి వస్తుంది, ముల్లు మళ్లీ ఎడమకు బయలుదేరుతుంది. సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం) నియమం ప్రకారం చుక్కాని ఒక పక్క 35 డిగ్రీల నుంచి రెండో పక్క 30 డిగ్రీలకు 28 సెకన్లలోపు చేరాలి, అంటే సెకనుకు కనీసం 2.3 డిగ్రీలు. చుక్కానికి ఆ చురుకు ఉన్నా, వేల టన్నుల ఓడకు ఉండదు. ఎనిమిది పది సెకన్లకొక అల వచ్చే చోట దిద్దుబాటు ఎప్పుడూ వెనకబడే ఉంటుంది, ఒక్కోసారి తరువాతి అలకే తోడై ఊపును పెంచుతుంది కూడా.

తప్పు ఎంతన్నదే కాక, అది ఎంత వేగంగా మారుతోందన్నది కూడా చూసి చుక్కాని పట్టాలని 1922లో ఇంజినీరు నికొలాస్ మినోర్‌స్కీ సమీకరణాలతో చూపారు. చక్కని ఆలోచనే, కానీ అలల్లో చిక్కు తెచ్చేదీ అదే, ఎందుకంటే అలలు కలిగించే ఊపు చిన్నదే అయినా వేగమైనది. అందుకే పాత పరికరాల్లో ‘వెదర్’ మీట తిప్పి, కొంత హద్దులోపు ఉండే చిన్న తప్పులను పట్టించుకోకుండా చేసేవారు. నాకు ఆ పద్ధతి మొరటుగా అనిపిస్తుంది: సముద్రం నెమ్మదించాక మీటను వెనక్కి తిప్పకపోతే ఓడ ఆ హద్దుల మధ్య అటూ ఇటూ తిరుగాడుతూనే ఉంటుంది. కాల్మన్ ఫిల్టర్ (గజిబిజి కొలతల నుంచి అసలు కదలికను అంచనా వేసే గణిత పద్ధతి) ఆధారంగా అలల ఊపును అంచనా వేసి, దాన్ని తీసేసిన తరువాతి దిశనే చుక్కానికి అందించడం మెరుగైన మార్గం.

వెనుక నుంచి అలలు తరుముకొచ్చినప్పుడు మాత్రం ఆ మార్గమూ తడబడుతుంది. ఓడ, అల ఒకే వైపు సాగడం వల్ల ఒక్కో అల దాటిపోవడానికి చాలాసేపు పడుతుంది, ఆ నెమ్మది ఊపు ఓడ సొంత తిరుగుడుతో కలిసిపోతుంది, ఫిల్టర్ రెండింటినీ వేరు చేయలేకపోతుంది. అక్కడ ముక్కును దాని మానాన వదిలేస్తే ఓడ అలకు అడ్డం తిరిగే ప్రమాదం ఉంది కనుక, ఇంధనం లెక్క పక్కన పెట్టి చుక్కానిని ధారాళంగా వాడాలి, లేదా వేగమో దిశో మార్చుకోవాలి.