బీడు మూలలో ఇనుప గొట్టం: పొలం కొనేముందు మేము వెతికిన కాగితాలు

మా బావమరిది తోతాపురి మామిడి తోట పెట్టుకుందామని చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళే పాత రోడ్డు పక్కన రెండున్నర ఎకరాలు చూశాడు. ధర కుదిరింది, అడ్వాన్సు ఇవ్వడానికి మంచిరోజు కూడా చూసుకున్నారు. ముందురోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు, రోడ్డు వైపు మూలలో కంపచెట్ల మధ్య ఒక సిమెంటు దిమ్మె, దాని పక్కన నేలలోంచి జానెడు పైకి వచ్చిన ఇనుప గొట్టం కనిపించాయి. గొట్టానికి బిగించిన మూత తుప్పుపట్టి కదలలేదు. అది పాత బోరని అమ్మేవారు చెప్పారు. బోరు కేసింగైతే అందులో మోటారు దిగాలి. ఈ గొట్టంలో నా పిడికిలి కూడా పట్టదు. రోడ్డు అవతల టీకొట్టు అవ్వను అడిగితే, "ఆడ డీజిలు బంకు ఉండేది నాయనా, బెంగుళూరు లారీలన్నీ ఈడే నిలబడేవి" అని చెప్పింది.

మా ప్రాంతంలో పంటకైనా, తాగడానికైనా బోరు నీళ్ళే ఆధారం. మూసేసిన బంకువాళ్ళు భూమిలో వదిలేసిన ఇనుప డీజిలు ట్యాంకు తుప్పుపట్టి కారితే డీజిలు మట్టిలోకి ఇంకి, రాతి పగుళ్ళ వెంట ఎటు పోతుందో పైనుంచి తెలియదు. తాగునీటిలో మినరల్ ఆయిల్, అంటే డీజిలు లాంటి ఖనిజ నూనె, చాలా కొద్ది మోతాదు దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. అంత కొద్ది చాలు నీరు పనికిరాకుండా పోవడానికి. అందుకే అడ్వాన్సు ఆపించి కాగితాలు వెతకడం మొదలుపెట్టాను.

ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1-బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు, పంట వివరాల రికార్డు) తీస్తే హక్కుదారు, విస్తీర్ణం తెలిశాయే తప్ప ట్యాంకు మాట ఎక్కడా లేదు. అయితే చుట్టుపక్కల సర్వే నంబర్లలో మామిడి, చెరుకు నమోదవుతూ వస్తుంటే, ఈ మూలనున్న సబ్‌డివిజన్ ఒక్కటే ఏటా బీడుగా ఉంది. అనుమానం బలపడడానికి అది చాలింది.

అసలు ఆధారం ఈసీలో, అంటే భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో దొరికింది, కానీ ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీలో కాదు. అందులో వివరాలు 1983 నుంచే ఉంటాయి. మాకు వచ్చినది శుభ్రంగా ఉంది. సాధారణంగా ముప్పై ఏళ్ళ ఈసీ చూసి తృప్తిపడతాం, ఇలాంటి భూమికి అది చాలదని నా గట్టి అభిప్రాయం. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి కాబట్టి, బంకు కోసం చమురు కంపెనీ స్థలం లీజుకు తీసుకుని ఉంటే అది సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు పాత ఇండెక్సు పుస్తకాలలో ఉండి తీరాలి. వెతికేటప్పుడు కంపెనీల పాత పేర్లు గుర్తుపెట్టుకోవాలి: ఎస్సో 1974లో హిందుస్థాన్ పెట్రోలియం అయింది, బర్మా షెల్ 1976లో జాతీయమై తర్వాత భారత్ పెట్రోలియంగా మారింది. చేత్తో రాసిన ఇండెక్సులో మా సర్వే నంబరు ఎదురుగా ఒక చమురు కంపెనీకి ఇచ్చిన లీజు కనిపించింది. దాన్ని రద్దు చేసుకున్న పత్రం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

పెట్రోలు బంకుకు రెండు చోట్ల ఫైలు ఉంటుంది: స్థలానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చే జిల్లా కలెక్టరు కార్యాలయంలో ఒకటి, లైసెన్సు ఇచ్చే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థలో ఒకటి. అందరూ పెసో అనే ఈ సంస్థ ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. రెండింటికీ పది రూపాయల చొప్పున రుసుము కట్టి, సర్వే నంబరు, గ్రామం పాత పేరు, లీజు దస్తావేజు నంబరు రాసి సమాచార హక్కు దరఖాస్తులు పెట్టాను. "ట్యాంకు ఉందా?" అని అడగకూడదు, "ఆమోదించిన ప్లాను నకలు ఇవ్వండి, ఫైలు చూడనివ్వండి" అని అడగాలి. చట్టం ఫైలును స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఇస్తుంది, మొదటి గంటకు రుసుము లేదు.

ఆ గంటలో నాకు కనిపించిన నీలిరంగు ప్లానును మరచిపోలేను. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ కాగితం మీద, రోడ్డు నుంచి కొలతలతో సహా, ట్యాంకులు ఒకటి కాదు, రెండు గీసి ఉన్నాయి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు హద్దుల కొలతల పటం) నకలు పక్కన పెట్టి కొలిస్తే, మేము చూసిన గొట్టం మొదటి ట్యాంకుది. రెండోది సరిగ్గా బావమరిది బోరు వేయించాలనుకున్న చోట వచ్చింది.

అన్ని ట్యాంకులకూ ఇలా కాగితం దొరుకుతుందని ఎవరూ అనుకోకూడదు. డీజిలు మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ పాత్రలోనూ 1,000 లీటర్లకు మించకుండా నిల్వ చేస్తే 1934 నాటి పెట్రోలియం చట్టం కింద లైసెన్సే అక్కర్లేదు. గ్రానైటు క్వారీలో, రైసుమిల్లులో పెట్టుకున్న డ్రమ్ములకు ఏ కార్యాలయంలోనూ ఫైలు ఉండకపోవచ్చు. అక్కడ ఆ అవ్వ లాంటివారి జ్ఞాపకమే రికార్డు.

ట్యాంకులు తీయించే ఖర్చు అమ్మేవారిదేనని, పక్క పొలం బోరు నీటి పరీక్షలో నూనె లేదని తేలాకే రిజిస్ట్రేషను జరుగుతుందని అగ్రిమెంటులో రాయించాం. నీళ్ళ శాంపిలును మొన్న సోమవారం గాజుసీసాలో పట్టి లాబుకు పంపాం.