పిల్లలకు ఫ్రీమాంట్ నేర్పడం: ఐదు ఊళ్లు, ఒక ఏరు, నేల కింద ఒక పగులు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామందికి ఊరి భూగోళం అంటే రెండే ప్రశ్నలు: ఇల్లు 880 ఫ్రీవేకి ఏ పక్కన ఉంది, ఏ హైస్కూల్ పరిధిలోకి వస్తుంది. మిషన్ శాన్ హోసే, ఇర్వింగ్టన్, వాషింగ్టన్, అమెరికన్, కెనడీ అని ఐదు స్కూళ్ల పేర్లూ కంఠతా వస్తాయి. వాటిలో మొదటి రెండూ ఒకప్పుడు విడి ఊళ్ల పేర్లని పిల్లలకు చెప్పే ఇళ్లు తక్కువ. ఆదివారం తెలుగు బడిలో కృష్ణా గోదావరుల గురించి వింటారు, మామూలు బడిలో లింకన్ గురించి చదువుతారు. రోజూ సైకిల్ తొక్కే నేల మాత్రం రెండు చోట్లా పక్కకు జరిగిపోతుంది. కాలిఫోర్నియా పాఠ్యప్రణాళికలో మూడో తరగతికి సొంత ప్రాంతం, నాలుగో తరగతికి రాష్ట్ర చరిత్ర ఉన్నాయి. ఇంట్లో అందుకునేవాళ్లు లేకపోతే అవి వర్క్‌షీట్లతోనే ఆగిపోతాయి. ఆ అందుకోవడం తెలుగులో జరగాలన్నది మా గట్టి అభిప్రాయం. మన పిల్లల తెలుగు వంటింట్లో పుట్టి వంటింట్లోనే ఆగిపోతోంది. గుట్ట, వాగు, గట్టు, మడి, పగులు లాంటి మాటలు నోట్లో ఆడాలంటే అవి కళ్లెదుట కనబడాలి.

మొదటి పని మ్యాప్. అమెరికా భూవిజ్ఞాన సంస్థ యూఎస్‌జీఎస్ తన టోపోవ్యూ సైట్‌లో పాత సర్వే మ్యాపులను ఉచితంగా ఇస్తుంది. వాటిలో వందేళ్ల నాటిదొకటి, ఈనాటిదొకటి పెద్దగా ప్రింట్ తీసి గోడకు పక్కపక్కన అంటించండి. పాతదానిలో ఫ్రీమాంట్ అనే పేరే దొరకదు. నైల్స్, సెంటర్‌విల్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అని ఐదు చిన్న ఊళ్లు, మధ్యలో పొలాలు కనిపిస్తాయి. ఈ ఐదూ 1956 జనవరి 23న కలిసి ఒకే నగరమయ్యాయి. పక్క నగరాలు తమ భూముల్ని ముక్కముక్కలుగా కలిపేసుకుంటాయన్న భయం ఒకటి, ఎక్కడ ఏం కట్టాలో తామే నిర్ణయించుకోవాలన్న పట్టుదల ఇంకొకటి వాళ్లను కలిపాయి. పక్కనే ఉన్న నూవర్క్ అనే ఊరు కలవనంది. 1955లోనే విడిగా నగరమైంది. అందుకే ఈనాటి మ్యాపులో చుట్టూ ఫ్రీమాంట్, మధ్యలో నూవర్క్ ఉంటుంది. ఈ ఆకారం పిల్లలకు భలే నచ్చుతుంది. రంగు పెన్సిళ్లిచ్చి హద్దు వాళ్లచేతే గీయించండి.

మన ఊరికి సరైన డౌన్‌టౌన్ ఎందుకు లేదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు ఆ ఐదు చుక్కల్లోనే ఉంది. ఒక్కో ఊరికి ఒక్కో పాత బజారు. నైల్స్‌కు నైల్స్ బుల్వార్డ్, ఇర్వింగ్టన్‌కు ఫైవ్ కార్నర్స్ కూడలి, సెంటర్‌విల్‌కు ఇప్పుడు అఫ్గాన్ రొట్టెల దుకాణాలున్న ఫ్రీమాంట్ బుల్వార్డ్. ఇప్పుడు బార్ట్ రైలు స్టేషన్ దగ్గర డౌన్‌టౌన్ అంటున్నది ఆ తర్వాత వేసుకున్న ప్రణాళిక. 2020 లెక్కల్లో జనం 2,30,504. అంత పెద్ద ఊరు అయిదు పల్లెల ఎముకల మీద నిలబడి ఉంది.

ఊరికి పేరిచ్చిన జాన్ చార్లెస్ ఫ్రీమాంట్ గురించి పదేళ్లు దాటిన పిల్లలకు రెండు వైపులా చెప్పాలి. 1856లో రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసిన మొదటివాడు అతనే, బానిసత్వ విస్తరణను వ్యతిరేకించాడు. అంతకు పదేళ్ల ముందు, 1846లో, అతని దళమే శాక్రమెంటో నది ఒడ్డున మూలవాసులను ఊచకోత కోసింది.

ఇక మిషన్, అంటే స్పెయిన్ పాదరీలు మూలవాసులను క్రైస్తవంలోకి మార్చడానికి కట్టిన మఠం. నాలుగో తరగతిలో మిషన్ ప్రాజెక్టు అనగానే పంచదార ముక్కలు, ఐస్ పుల్లలు, జిగురుతో బొమ్మ కట్టడానికి అమ్మానాన్నలు రాత్రంతా కూర్చునే అలవాటు కాలిఫోర్నియాలో పాతదే. ఆ బొమ్మలతో ఆ కాలం అర్థం కాదని రాష్ట్రం 2016లో ఇచ్చిన బోధనా మార్గదర్శిలోనే ఉంది. అసలు మిషనే మన ఊళ్లో ఉన్నప్పుడు బొమ్మతో పనేముంది? వాషింగ్టన్, మిషన్ బుల్వార్డ్‌లు కలిసేచోట మిషన్ శాన్ హోసే ఉంది. 1797 జూన్ 11న ఫాదర్ లాసుయెన్ స్థాపించాడు, 21 మిషన్లలో ఇది 14వది. ఇప్పుడు కనిపించే తెల్లటి చర్చి పాతది కాదు. 1809 నాటి చర్చి 1868 భూకంపంలో కూలిపోయింది, దాని నమూనాలో కట్టిన ఈ చర్చి 1985లో పూర్తయింది. పాతకాలపు మట్టి ఇటుకల కట్టడం పక్కనున్న మ్యూజియం భాగం. ముందు అక్కడికి వెళ్లండి. గోడ మందాన్ని పిల్లలచేత జానలతో కొలిపించండి. ఆ ఇటుకలు ఎవరు తొక్కిన మట్టివో అడగండి. ఈ నేల మూలవాసులైన ఒలోనీ ప్రజలు తొక్కిన మట్టివి.

అక్కడి నుంచి వాషింగ్టన్ బుల్వార్డ్ మీదే పడమరగా వెళ్తే ఒలోనీ శ్మశానవాటిక వస్తుంది. అక్కడ నాలుగు వేలమంది ఒలోనీలు నిద్రిస్తున్నారని ఫలకం మీద ఉంటుంది. మిషన్ చూసి ఇది చూడకపోతే సగం కథే చూసినట్టు. తట్టు లాంటి జబ్బులు, ఇష్టంలేని చాకిరీ, పారిపోతే వెంటాడి తేవడం ఇవన్నీ ఆ సంఖ్య వెనక ఉన్నాయి. ఎస్తానిస్లావ్ కథ కూడా చెప్పండి. ఇదే మిషన్‌లో ఉండి, 1828-29లో తిరుగుబాటు నడిపిన మూలవాసి నాయకుడు. సెంట్రల్ వ్యాలీలోని స్టానిస్లాస్ నది, కౌంటీ అతని పేరు మీదే ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు పేరు విన్న పిల్లలకు ఈ కథ వెంటనే పట్టుబడుతుంది. అయితే ఒక జాగ్రత్త. పోలిక చెప్పి వదిలేస్తే ఒలోనీల బాధ మన కథలో కలిసిపోతుంది. ఇక్కడ భూమి, భాష, పాటలు అన్నీ ఒకేసారి పోయాయని విడిగా చెప్పాలి. ఇంకొకటి, ఒలోనీలు ఉండేవారు అనకండి, ఉన్నారు అనండి. మువెక్మా ఒలోనీ తెగ వాళ్లు ఈనాటికీ బే ఏరియాలో ఉన్నారు, ప్రభుత్వ గుర్తింపు కోసం పోరాడుతున్నారు.

ఊరిని అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే మంచి దారి అలమీడా క్రీక్ అనే ఏటి గట్టు. 600 చదరపు మైళ్లకు పైబడిన పరీవాహకంలోని వాననీరంతా నైల్స్ కనుమ గుండా ఊళ్లోకి దిగి శాన్ ఫ్రాన్సిస్కో బే వైపు పోతుంది. గట్టు వెంబడి 12 మైళ్ల దారి ఉంది. దక్షిణపు గట్టు తారు దారి, సైకిళ్లకు అదే. ఉత్తరపు గట్టు మట్టిది, గుర్రాలు కూడా తిరుగుతాయి. నైల్స్‌లో ఓల్డ్ కాన్యన్ రోడ్డు దగ్గర కారు ఆపి మొదలుపెట్టండి. పొద్దున 8 లోపు బయల్దేరితే నయం. మధ్యాహ్నం నుంచి బే వైపు నుంచి పడమటి గాలి బలంగా కొడుతుంది. ఆలస్యంగా వెళ్లిన పిల్లలు ఎదురుగాలికి రెండు మైళ్లకే ఏడుపు మొహం పెడతారు. పొద్దున వెళ్లి మధ్యాహ్నం తిరిగితే అదే గాలి వెనక నుంచి తోస్తుంది. నీడ ఉండదు, దారిలో మంచినీళ్లు నమ్ముకోకూడదు, ఒక్కొక్కరికి లీటరుకు తగ్గకుండా పెట్టుకోండి. వానాకాలంలో వంతెనల కింది దారులు నీళ్లలో మునుగుతాయి, ఆ రోజుల్లో మానుకోండి. పదేళ్ల లోపు పిల్లలతో మొత్తం దూరం పెట్టుకోవద్దు. క్వారీ లేక్స్ దాకా వెళ్లి తిరిగి రావడం చాలు.

ఆ క్వారీ లేక్స్ దగ్గర కాసేపు ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అవి దేవుడిచ్చిన చెరువులు కావు, కంకర తవ్విన గోతులు. ఖండాంతర రైలు మార్గం పడమటి భాగానికి 1860లలో ఇక్కడి కంకరే పోశారు. ఏరు కనుమ దాటి మైదానంలో పడేచోట లక్షల ఏళ్లుగా కంకర పరిచింది, ఆ కంకర పొరల్లో నీరు నిలవ ఉంటుంది. గత శతాబ్దపు తొలినాళ్లలో పొలాలకూ పట్టణాలకూ బావుల నుంచి తోడుతూ పోయేసరికి నీటి మట్టం పడిపోయి, బే ఉప్పునీరు భూమి లోపలికి చొచ్చుకొచ్చింది. కోనసీమలో తీరం దగ్గరి బావులకు పట్టే జబ్బు ఇదే. 1914లో ఏర్పడిన అలమీడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్ దీనికి మందు వేసింది. ఏటికి అడ్డంగా గాలి నింపే రబ్బరు ఆనకట్టలు కట్టి, నీటిని ఈ గోతుల్లోకి మళ్లించి, నేలలోకి ఇంకనిస్తుంది. మన ఇంకుడు గుంతే, కాకపోతే చెరువంత. 1962 నుంచి శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల డెల్టా నీటిని కాలువల్లో తెప్పించి మరీ ఇంకిస్తున్నారు. తాతయ్య వ్యవసాయం చేసినవాడైతే ఆయన్నే తీసుకెళ్లి పిల్లలకు వివరించమనండి. ఇంగ్లిష్ రాకపోయినా ఆ గట్టు మీద ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఏరు చివర కయోటీ హిల్స్, దానికి దక్షిణాన డంబార్టన్ వంతెన దగ్గర డాన్ ఎడ్వర్డ్స్ పక్షుల ఆశ్రయం. కయోటీ హిల్స్‌లో రెండు వేల ఏళ్లకు పైబడిన ఒలోనీ గవ్వల దిబ్బలున్నాయి. పార్కువాళ్లు నడిపే కార్యక్రమాల్లో చేరితేనే ఆ దిబ్బల దగ్గరికి వెళ్లగలం, తేదీలు ముందే చూసుకోవాలి. విమానం దిగేటప్పుడు కనిపించే ఎర్రటి, నారింజ రంగు ఉప్పు మడులు ఇక్కడివే. ఉప్పు చిక్కబడేకొద్దీ అందులో బతికే నాచు, సూక్ష్మజీవుల వల్ల రంగు మారుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు చుట్టాలున్నవాళ్లు అక్కడి ఉప్పు మడుల ఫోటోలు తెప్పించి పక్కన పెట్టి చూపించండి. ఎండ, గాలి, పల్చటి నీటిమడి, పని ఒక్కటే. ఇక్కడి మడుల్లో చాలాభాగం 2003 తర్వాత మళ్లీ బురద నేలలుగా మారుతోంది.

నైల్స్‌ను విడిగా ఒక మధ్యాహ్నం చూడొచ్చు. 1912 నుంచి 1916 దాకా అక్కడ ఎస్సనే స్టూడియో ఉండేది, 1915లో చార్లీ చాప్లిన్ వచ్చి ఐదు సినిమాలు తీశాడు. నైల్స్ బుల్వార్డ్ మీది మూకీ సినిమా మ్యూజియంలో ఇప్పటికీ పియానో వాయిస్తూ మూకీలు వేస్తారు. మాటలుండవు కనుక అమ్మమ్మలతో కలిసి చూడటానికి ఇంతకంటే మంచిది లేదు. కనుమలో నడిచే పాత రైలు మార్గానికి పట్టాలు వేసింది చైనా కూలీలని ఎక్కే ముందే చెప్పండి.

వలసవచ్చినవాళ్ల కథ ఈ నేలకు కొత్త కాదు. 1942లో ఇక్కడ కూరగాయలు, పళ్లు పండించే జపనీస్ అమెరికన్ కుటుంబాలను ప్రభుత్వం పొలాల నుంచి లేపి శిబిరాల్లో పెట్టింది. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టిన పౌరులు. భారతీయులకు పౌరసత్వం ఇవ్వకూడదని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి, 1946లో ఆ తలుపు కాస్త తెరుచుకున్న సంగతి, 1965 చట్టంతోనే మనలాంటివాళ్లు పెద్ద సంఖ్యలో రాగలిగిన సంగతి మిడిల్ స్కూల్ పిల్లలకు తెలియాలి. తాము ఇక్కడ ఎందుకున్నామో వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

భూకంపాలు తెచ్చే నేల కింది పగులు, హేవర్డ్ ఫాల్ట్ గురించి భయపెట్టకుండా, దాచకుండా చెప్పాలి. ఊరి మధ్య నుంచి, లేక్ ఎలిజబెత్ పక్క నుంచి పోతుంది. 1868 అక్టోబర్ 21న కదిలి సుమారు 30 మందిని చంపింది. ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్ పక్కనున్న టైసన్ లగూన్ దగ్గర గోతులు తవ్వి చూసిన యూఎస్‌జీఎస్ శాస్త్రవేత్తలు గత 1,900 ఏళ్లలో 12 పెద్ద భూకంపాల గుర్తులు కనుగొన్నారు. అంటే సగటున నూటయాభై, నూటఅరవై ఏళ్లకొకటి. 1868కి ఆ లెక్క కలిపి చూడమంటే పిల్లలు తామే చెబుతారు. ఆ లెక్క తర్వాత సన్నాహం మొదలుపెడితే ఇల్లంతా కదులుతుంది. మనిషికి రోజుకు గాలన్ నీళ్లు, మూడు రోజులకు తగ్గకుండా. నలుగురికి 12 గాలన్లు. మంచం కింద బూట్లు, టార్చి. వాటర్ హీటర్‌కు పట్టీలు. గ్యాస్ కారుతోందని అనుమానం వస్తేనే వాల్వు కట్టేయాలి, ఊరికే కట్టేస్తే మళ్లీ తెరవడానికి కంపెనీవాళ్లు రావాలి. తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి పై అల్మరాల్లో ఆవకాయ జాడీలు, ఇత్తడి గిన్నెలు, గోడకు బిగించని దేవుడి మందిరం, దీపం. బరువైనవి కింది అరలోకి దించండి. వెలిగించిన దీపం వదిలి బయటికి వెళ్లే అలవాటు మానండి. కదలిక మొదలవగానే బయటికి పరుగెత్తే అలవాటు ఇండియా నుంచి వచ్చిన పెద్దలకు ఉంటుంది. ఇక్కడి చెక్క ఇళ్లలో వంగి, బల్ల కిందికి దూరి, పట్టుకుని ఉండటమే సరి. ఈ పాఠం తాతయ్యలకు మనవలచేత చెప్పిస్తే ఇద్దరికీ గుర్తుంటుంది.

వార్మ్ స్ప్రింగ్స్ కార్ల కర్మాగారం గురించి క్లుప్తంగా: 1960ల మొదట్లో జనరల్ మోటార్స్ తెరిచింది, 1982లో మూసింది. 1984 నుంచి 2010 దాకా జీఎం, టొయోటా కలిసి నమ్మీ పేరుతో నడిపాయి, ఆ తర్వాత టెస్లా కొంది. నాన్న పనిచేసే కంపెనీ ఎప్పటికీ ఉంటుందనుకునే పిల్లలకు ఇది చాలా అవసరమైన కథ.

మిషన్ పీక్ కొండను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎత్తు 2,517 అడుగులు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి మూడు మైళ్ల ఎక్కుడు, రెండు వేల అడుగులకు పైగా ఎత్తు. నీడ లేదు, నీళ్లు లేవు, పార్కింగ్ త్వరగా నిండుతుంది. వేసవిలో రాటిల్‌స్నేక్‌లు, ఏడాదంతా మేసే ఆవులు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలతో, వేసవి మధ్యాహ్నాల్లో వెళ్లొద్దు. శీతాకాలంలో గడ్డి పచ్చబడ్డాక, వాన పడి రెండు రోజులు ఆరాక వెళ్తే జారుడు తగ్గుతుంది.

వేసవిలో హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి అన్నయ్యలు, వదినలు వస్తారు. గోల్డెన్ గేట్ ఎలాగూ చూస్తారు. ఒక రోజు మాత్రం ఫ్రీమాంట్ చూపించే బాధ్యత పిల్లలకే వదలండి. తెలుగులోనే చెప్పాలి, రెండు చోట్లకు మించి పెట్టుకోకూడదు, ఒకటి ఎండలో ఉంటే రెండోది నీడలో ఉండాలి. పొద్దున మిషన్, శ్మశానవాటిక కలిపి ఒకటి, సాయంత్రం క్వారీ లేక్స్ ఇంకొకటి, ఇది బాగా కుదిరే జోడీ. ముందురోజు రాత్రి గోడ మీది రెండు మ్యాపుల ముందు నిలబెట్టి ఒకసారి చెప్పించుకోండి. మాట తడబడితే అందించండి గానీ, కథ మీరు అందుకోకండి.