మిస్టర్ పకోడీ, మగ, 9 ఏళ్ళు

పడుకుందామనుకుంటూనే మా కుక్క పకోడీ రక్తపరీక్ష రిపోర్టు పీడీఎఫ్ మళ్ళీ తెరిచాను. పైన పేషెంట్ పేరు "మిస్టర్ పకోడీ". కింద రెండు చోట్ల లావుపాటి అక్షరాల్లో హెచ్, అంటే హై అని. తెల్లకణాలు 14,200. ఎమైలేజ్ అనే జీర్ణ ఎంజైమ్ 780. పక్కన ఉండాల్సిన లెక్కలు చూస్తే తెల్లకణాలు 11,000 దాటకూడదట, ఎమైలేజ్ వంద చిల్లర. ఏడు రెట్లు!

ఈయనకి చూపించడం అనవసరం, అయినా చూపించాను. "ఎమైలేజ్ అంటే పాంక్రియాసే కదా" అని ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు. ఆయన వెతికితే ఏం దొరుకుతుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పావుగంటలో పకోడీకి లేని రోగం లేదు. ఆ రోగిష్టి మాత్రం సోఫా వెనక కూర్చుని నా చెప్పు నములుతున్నాడు.

ఇక ఉండబట్టలేక డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపాను. ఆవిడే ఫోన్ చేశారు. "అవి మనుషుల రేంజులమ్మా. కుక్కకి తెల్లకణాలు 17,000 దాకా మామూలే. ఎమైలేజ్ మనకంటే వాటికి ఎప్పుడూ ఎన్నో రెట్లు ఎక్కువే, దాని గురించి టెన్షన్ పడకండి" అన్నారు.

ప్రాణం కుదుటపడాలి కదా. పడలేదు, ఒళ్ళు మండింది. ల్యాబ్‌కి ఫోన్ చేశాను. "సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వస్తాయి మేడమ్" అన్నాడు కుర్రాడు. కుక్క అని ఫారమ్ మీద రాశారు కదయ్యా అంటే, "మా దగ్గర మేల్, ఫిమేల్ అనే ఉంటుంది మేడమ్, కుక్క అని ఆప్షన్ లేదు" అన్నాడు. బిల్లు మీద మాత్రం 'పెట్ ప్రొఫైల్' అని శుభ్రంగా ప్రింటయింది. డబ్బు తీసుకునేటప్పుడు పెట్, రిపోర్టు ఇచ్చేటప్పుడు మిస్టర్! పోనీ అంకెల వరకూ నమ్ముదామా అంటే అదీ అనుమానమేనట. ప్లేట్‌లెట్లు గుంపులు కడితే మిషన్ వాటిని తక్కువగా లెక్కపెడుతుందని, గాజుపలక మీద రక్తం పూసి మనిషి కళ్ళతో చూస్తే గానీ తేలదని డాక్టరుగారే అన్నారు. మరి ఆ మనిషి చూశాడా? కుర్రాణ్ణి అడిగితే "కనుక్కుని చెప్తాను మేడమ్" అన్నాడు. ఇప్పటిదాకా కనుక్కుంటూనే ఉన్నాడు.

గాజుపలక అనగానే చిన్నప్పటి మా కుక్క జిమ్మీ గుర్తొచ్చింది. పకోడీ గురించి ఇన్నిసార్లు రాశాను గానీ జిమ్మీ గురించి ఎప్పుడూ రాయలేదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో అప్పట్లో కుక్కల డాక్టరంటూ ఎవరూ లేరు. పశువుల ఆసుపత్రి ఉండేది, గేదెలు కట్టే ఇనప చట్రం పక్కనే డాక్టరుగారి బల్ల. ఎండాకాలం జిమ్మీ తిండి మానేసింది. వడదెబ్బ అన్నారందరూ. పాలేరు మజ్జిగ పోశాడు, నాయనమ్మ దిష్టి తీసింది. మూడో పూటకి మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోసింది. నాన్న ఇంకేం మాట్లాడకుండా దాన్ని స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళారు, వెనక నేను.

ఆ డాక్టరుగారు ముందు పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశారు. పాలిపోయి ఉన్నాయి. కంటిరెప్ప లాగి చూశారు. చెవి మడత తిప్పితే శనగగింజలంత పిడుదులు. చెవి కొసన సూదితో గుచ్చి, వచ్చిన ఒక్క బొట్టునీ గాజుపలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో నెమ్మదిగా ముందుకి తోశారు. బొట్టు పల్చటి పొరై, చివరికి వచ్చేసరికి ఉందో లేదో తెలియనంతగా అయిపోయింది. నాకు ఇప్పటికీ ఆ చెయ్యి కనిపిస్తుంది. పలక ఆరాక ఈనాడు పేపర్లో చుట్టి ఇచ్చారు. నాన్న గుంటూరు బస్సెక్కి జిల్లా ల్యాబ్‌లో చూపించుకొచ్చారు. ఎర్రకణాల లోపల బబీషియా ఉందన్నారు. పిడుదులు కుడితే ఎక్కే సూక్ష్మక్రిమట, ఎర్రకణాల్లో చేరి వాటిని పగలగొడుతుందట, ఆ రంగే మూత్రంలో దిగిందట. మందు ఎక్కడ దొరుకుతుందో అని నాన్న కంగారుపడుతుంటే డాక్టరుగారు అక్కడి బీరువాలోంచే బెరెనిల్ తీశారు. పశువులకీ అలాంటి జబ్బే వస్తుంది, వాటికి వేసేదీ అదే. జిమ్మీ బతికింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు పోస్ట్‌మాన్‌ని ఏడిపించింది.

ఒక్క బొట్టు, ఒక్క పలక. ఈ రోజుల్లో ఇన్ని ప్యాకేజీలెందుకు, 'సీనియర్ వెల్‌నెస్' ఏమిటి, ఒంట్లో బాగున్న కుక్కకి ఏటా రక్తం తీయడమేమిటి అని రాద్దామనే ఇది మొదలుపెట్టాను. నిజంగా. కానీ ఫోన్లో డాక్టరుగారు చివర్లో అన్న మాటొకటి ఉంది. దాన్ని పక్కకి తోసి రాయలేకపోతున్నాను.

హెచ్ పడని అంకె దగ్గర ఆగారావిడ. కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, 1.3. మనుషుల లెక్కలోనూ కుక్కల లెక్కలోనూ హద్దులోపే. కానీ పోయినేడాది రిపోర్టులో 0.9. "వాడికి వాడే కొలతమ్మా. కిడ్నీ ముప్పావు వంతు పాడైతే గానీ ఈ అంకె హద్దు దాటదు. హద్దులోపలే ఎక్కుతోందంటే ఓసారి చూసుకోవాలి. ఏమీ కాకపోవచ్చు కూడా" అన్నారు. పోయినేడాది నేను సణుక్కుంటూ, డబ్బు దండగంటూ చేయించిన ఆ టెస్టే లేకపోతే ఈ 1.3కి అర్థమే లేదు. అలాగని ల్యాబ్ మీద కోపం తగ్గిందా అంటే లేదు, ఇంకా పెరిగింది. భయపడక్కర్లేని రెండిటికీ లావు అక్షరాలు, చూడాల్సినదానికి ఏ గుర్తూ లేదు.

అత్తయ్య వాదన వేరు. "నా మోకాళ్ళకి ఎక్స్‌రే అంటే చూద్దాం చూద్దాం అంటారు, దానికి మాత్రం తల నుంచి తోక దాకా పరీక్షలా?" మొన్న రక్తం తీయించడానికి పస్తు ఉంచితే, నేను స్నానానికి వెళ్ళిన సందులో నెయ్యి రాసిన ఇడ్లీ పెట్టేశారు. కొవ్వు తింటే రక్తంలోని ద్రవభాగం, సీరం, తెల్లగా తేలి లెక్కలు తప్పుతాయని చెప్తే, "పస్తుండటానికి ఇవాళ ఏకాదశా?" అన్నారు. ఆ రోజుకి వెనక్కొచ్చేశాం. ముందరి కాలి మీద బొచ్చు గొరిగిన చోటు ఇంకా గులాబీ రంగులో ఉంది. వాడు దాన్ని నాకుతుంటే తిట్టేదీ ఆవిడే, కొబ్బరినూనె రాసేదీ ఆవిడే.

రేపు పొద్దున మొదటి మూత్రం పట్టివ్వాలి. కిడ్నీలు సరిగ్గా పనిచేస్తుంటే రాత్రంతా నిలవున్న మూత్రం చిక్కగా ఉంటుందట, ఆ చిక్కదనం కొలత, స్పెసిఫిక్ గ్రావిటీ, 1.030 పైన. దాంతోపాటు ప్రోటీన్ పోతోందేమో కూడా చూస్తారు. పట్టడం మాత్రం మన పని. అత్తయ్య పాత సాంబారు గరిటె తీసిచ్చారు, మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదన్న షరతు మీద. ఈయన పట్టుకుంటానంటున్నారు గానీ ఆయన వంగి చూస్తుంటే వాడు కాలెత్తడు. గొలుసు ఆయనకిచ్చి గరిటె నేనే పట్టుకోవాలి. వాడికి నచ్చేది సందు చివరి కరెంటు స్తంభం. హెడ్మాస్టారుగారు వాకింగ్‌కి బయల్దేరే లోపల పనైపోతే చాలు.