మన పక్షాన ఒక ఏజెంటు

ఇల్లు కొనేటప్పుడు మాకంటూ ఒక ఏజెంటు ఉండాలా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాము. ఇల్లు చూపించిన ఏజెంటు ఎంత మర్యాదస్థుడైనా, ఆయన ఒప్పందం అమ్మేవారితోనే కాబట్టి, మేము ఎంత వరకు ఇవ్వగలమో ఆయన ముందు నోరు జారితే అది నేరుగా వారి చెవిన పడుతుంది. చివరికి మా తరఫున ఒకరిని కుదుర్చుకున్నాము. కొత్తగా వేసిన రంగు కింద గోడ చెమ్మకు ఉబ్బి ఉండటాన్ని ఆవిడ వేలితో నొక్కి చూపించి, ఇంజనీరు తనిఖీ పూర్తయ్యే దాకా అడ్వాన్సు ఇవ్వవద్దన్నారు. అయితే ఆవిడ ఫీజు కూడా అమ్మకం ధరలో శాతమే గనుక, ధర తగ్గితే ఆవిడ రాబడీ తగ్గుతుంది. ఈ చిక్కును తేలికగా తీసుకోకూడదనిపించి, ఫీజు ఎంత, ఎవరు చెల్లించాలి, ఒప్పందం నుంచి ఎప్పుడు తప్పుకోవచ్చు అన్నవన్నీ సంతకానికి ముందే రాతపూర్వకంగా తేల్చుకున్నాము.