రెండేళ్ల గ్యాప్, ఏడు నెలల ఉద్యోగం, ఒక పేజీ రెజ్యూమే

2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ మళ్లీ వచ్చినప్పుడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మా హాస్టలంతా హడావిడి. నాకు మాత్రం ఓపిక అయిపోయింది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులని చూసి, ఇక ఉద్యోగం వెతకడం మానేసి పుస్తకాలు పట్టుకున్నదాన్ని. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో పోయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే, సెప్టెంబరులో కోర్టు తీర్పుతో అదీ రద్దయింది. మూడోసారి కూర్చోవాలంటే హాస్టల్ ఫీజుకు నాన్నను మళ్లీ అడగాలి. అప్లికేషన్ పెట్టకుండా రెజ్యూమే రాయడానికి కూర్చున్నాను.

రాయడానికి ఏముంది? 2017లో బీకాం. జీఎస్టీ మొదలైన ఆ జూలైలోనే మా ఊళ్లో ఆడిటర్ గారి ఆఫీసులో చేరి నాలుగేళ్లు చేశాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో ఏడు నెలలు. అక్కడ జీతాలు ఆగాయి, చివరికి ఆఫీసుకే తాళం పడింది. రిలీవింగ్ లెటర్ అడుగుదామంటే ఫోన్ ఎత్తే నాథుడు లేడు. ఆ తర్వాత రెండేళ్లు ఖాళీ.

అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఆయన ఖాళీ గురించి అసలు బాధపడలేదు. "రెండేళ్లు ఎక్స్‌పీరియన్స్ పెట్టించేద్దాం మేడం, లెటరూ పేస్లిప్పులూ మేమే ఇస్తాం" అన్నాడు. ఆశ పుట్టలేదంటే అబద్ధం. కానీ లెక్కలు చూసే పని చేసినదాన్ని కదా, ఆ పేస్లిప్పుల్లో పీఎఫ్ కోత ఎక్కడ కడతారని అడిగాను. మాట దాటేశాడు. కొత్త కంపెనీలో చేరేటప్పుడు యూఏఎన్, అంటే ఎన్ని ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరు, అడుగుతారు. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైట్లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఎక్కడ ఎప్పుడు చేరామో, ఎప్పుడు మానేశామో వరసగా కనిపిస్తుంది. కొన్న కాగితాలు అక్కడే దొరికిపోతాయి.

ఆ మాట మీదే నా యూఏఎన్ తెరిచి చూసుకుంటే ఇంకో తలనొప్పి. మూతపడ్డ కంపెనీ నేను మానేసిన తేదీ వెయ్యనేలేదు. రికార్డు ప్రకారం నేనింకా అక్కడే పని చేస్తున్నాను! దీనికి మాత్రం దారి ఉంది. చివరిసారి పీఎఫ్ జమయ్యాక రెండు నెలలు దాటితే, మేనేజ్ అనే మెనూలో మార్క్ ఎగ్జిట్ నొక్కి మనమే తేదీ వేసుకోవచ్చు. చివరిగా డబ్బు జమయిన నెలలోని తేదీయే తీసుకుంటుంది. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, అంతే. రిలీవింగ్ లెటర్ బదులు అపాయింట్‌మెంట్ ఆర్డరూ, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంటూ ఫైల్లో పెట్టుకున్నాను. ఆ ఏడు నెలలు దాచేద్దామా అనుకున్నాను గానీ, పీఎఫ్‌లో ఉన్నది రెజ్యూమేలో లేకపోతే అదో అనుమానం.

ఇక ఆడిటర్ గారి ఆఫీసు చిన్నది, పీఎఫ్ లేదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలని ఫోన్ చేశాను. ఖాళీ సంగతి చెప్తే ఆయన నవ్వి, "ఖాళీ ఏంటమ్మా? మన కిరాణా షాపుల రిటర్నులు ఈ రెండేళ్లూ ఎవరు వేశారు, నేనా?" అన్నారు.

నిజమే. హాస్టల్ ఖర్చులకని ఆయన పంపిన షాపుల పని రాత్రిళ్లు చేసేదాన్ని. నెలనెలా వేసేవాళ్లకు 11లోపు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20లోపు పన్ను లెక్క చూపి కట్టే 3బి. బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో వచ్చేవి. కొనుగోలు బిల్లులను 2బితో, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ సైట్లో వచ్చే పట్టికతో సరిచూసి, సప్లయర్ ఎక్కించని బిల్లుంటే షాపాయనకు ఫోన్ చేసి వెంటపడటం, లేదంటే ఆ క్రెడిట్, కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు, ఆయనకు రాదు. జీతం కాదు కాబట్టి దాన్ని ఉద్యోగంగా ఎప్పుడూ లెక్కేయలేదు. రెజ్యూమేలో అది పైకెక్కింది: "2022 జూన్ నుంచి, పార్ట్‌టైమ్, చిన్న వ్యాపారాలకు జీఎస్టీ రిటర్నులు, 2బి సరిచూపు". దాని కిందే ఒక్క లైను: "ఇదే కాలంలో గ్రూప్-1 ప్రిపరేషన్". మొదట "కుటుంబ కారణాలు" అని రాశాను. మా రూమ్‌మేట్ అక్క చూసి, "పెళ్లయి పిల్లలనుకుంటారే, తీసెయ్" అంది. తీసేశాను. తేదీలన్నీ నెలతో సహా వేశాను. ఉత్త సంవత్సరాలు వేస్తే ఏడు నెలలు రెండేళ్లలా కనపడుతుందని ఒకరు సలహా ఇచ్చారు కానీ, అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్తూ ఆ కిటుకు ఏం బాగుంటుంది?

మే నెలలో బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి పిలిచారు. మేనేజర్ సార్ ఆ ఏడు నెలల్ని చూసి, కంపెనీ మూతపడిందంటే తలూపి వదిలేశారు. పట్టుకున్నది గ్రూప్-1ని. "రేపు పరీక్షనీ మెయిన్సనీ లీవులు పెట్టరు కదా?" అన్నారు.

"ఈసారి అప్లై చెయ్యలేదు సార్. గడువు మార్చిలోనే అయిపోయింది."

కాసేపు నా ముఖం చూసి, టేబుల్ మీదున్న కొనుగోలు రిజిస్టరూ, ఆ నెల 2బి ప్రింటూ నా వైపు తోసి, తేడా ఎక్కడుందో చూడమన్నారు. ఒక బిల్లు రెండుసార్లు ఎక్కింది, ఇంకో రెండు అసలు 2బిలో లేవు. అడిగినదానికంటే రెండు వేలు తక్కువకే తీసుకున్నారు. ఆరు నెలలయ్యాక చూద్దామన్నారు, సరేనన్నాను. షాపుల పని మాత్రం వదల్లేదు, ఆదివారాలు చేస్తున్నాను.