ఆర్‌ఎక్స్ 100 పనుల డైరీ: బీపీ మిషన్‌తో దొరికిన లీకు

జూన్ మొదటి వారం

నాన్న 1992లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు పదకొండేళ్లుగా పశువుల కొట్టంలో పడి ఉంది. గేదెలు అమ్మేశాం కానీ బండి మాత్రం అమ్మలేదు. పాత ఇనప సామాన్లవాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా అమ్మ అడగడం, నాన్న వినపడనట్టు పేపరు తిప్పడం మా ఇంట్లో మామూలే. ఈసారి నేనే బయటికి లాగాను. టైర్లు రెండూ నేలకి అతుక్కుపోయాయి. సీటు కింద ఎలుక గూడు పెట్టింది, వైరింగ్ సగం దాని కడుపులోకే పోయింది.

పాత బండి మీద ఎవరైనా పని మొదలుపెడితే స్పానర్ కంటే ముందు ఆర్‌సీ చేతిలోకి తీసుకోండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మీద తుప్పు తుడిచి ఆర్‌సీతో సరిచూసుకున్నాను, రెండూ కలిశాయి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించాలి, అది అయిదేళ్లకి వస్తుంది. ఫ్రేము కోసి కేఫ్ రేసర్ (ముందుకి వంగి నడిపే రేసు బండి తరహా) చేద్దామన్న నా ఊహ ఇక్కడే ఆగింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. ఆర్‌సీలో రంగు నలుపు అని ఉంది, కాబట్టి బండీ నలుపే.

కిక్ దిగలేదు. బలవంతంగా తొక్కకుండా ప్లగ్ విప్పి డీజిల్, 2టీ ఆయిల్ (టూస్ట్రోక్ బండ్లలో పెట్రోలుతో పాటు వాడేది) సగం సగం కలిపి ఆ కంతలో పోసి మూడు రోజులు వదిలేశాను. నాలుగో రోజు పొద్దున చేత్తో నొక్కితేనే కిక్ మెల్లగా దిగింది. నాన్న టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద నుంచి చూస్తూ, "నేనేం జామ్ చేసి పెట్టలేదురా, అదే పడుకుంది" అన్నాడు.

జూన్ చివర

ఇంజిన్ దించాను. ఒక్కడే మోయగలిగిన బరువే, కాకపోతే నడుం జాగ్రత్త. ఇబ్బందంతా స్క్రూలతోనే. కవర్లకి ఉన్నవి జపాన్ కొలతవి. చూడ్డానికి మన ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ మామూలు స్క్రూడ్రైవర్ కొన సరిగ్గా కూర్చోదు, తలలు అరిగిపోతాయి. రెండు అలా పాడుచేశాక బుద్ధొచ్చి ఇంపాక్ట్ డ్రైవర్ కొన్నాను. దాన్ని స్క్రూ మీద ఆనించి సుత్తితో ఒక్కటి వేస్తే చాలు, టక్కున వదులవుతుంది. తిరిగి బిగించేటప్పుడు అన్నీ అలెన్ బోల్టులే వేశాను.

క్రాంకు కొసన తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెట్‌కి మాత్రం పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) ఉండాల్సిందే. సుత్తితో కొట్టి ఊడదీసే మెకానిక్కులున్నారు. వాళ్ల చేతిలో బతికిన బండ్లూ ఉన్నాయి, చచ్చినవీ ఉన్నాయి.

సిలిండర్ తీసి చూస్తే లోపల నిలువు గీతలు. స్టాండర్డ్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు. పిస్టన్ తల మీద 0.50 అని ఉంది, అంటే అర మిల్లీమీటరు పెద్దది చేసి ఇప్పటికే బోరింగ్ అయిన బండి. నాన్నని అడిగితే "ఏమో, గుర్తులేదు" అన్నాడు. అమ్మకి గుర్తుంది: "చెల్లెలి పెళ్లికి వెళ్లేటప్పుడు దారిలో పట్టేసింది, నేను చంటిపిల్లాడితో రెండు కిలోమీటర్లు నడిచాను." ఆ చంటిపిల్లాణ్ణి నేనే.

జులై

సిలిండర్, క్రాంకు (పిస్టన్ కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు) సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. 0.75 పిస్టన్ ముందే కొని తీసుకెళ్లాను, అలాగే వెళ్లాలి. లేత్ మేస్త్రి పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు వేయాలే గానీ, పెట్టె మీద అంకె చూసి కాదు. ఈ మేస్త్రికి అరవై దాటి ఉంటాయి, మాట తక్కువ. హోనింగ్ (గోడల్ని సన్నగా నున్నన చేయడం) అయ్యాక గోడలకి కాస్త ఆయిల్ రాసి, రింగుల్లేని పిస్టన్‌ని పై నుంచి వదిలాడు. అది పడిపోలేదు, ఆగిపోనూ లేదు. నెయ్యి గరిటె నుంచి జారినట్టు నిదానంగా దిగింది. "చాలు బాబూ" అన్నాడు.

స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, కూడా 50 కాబట్టి లెక్క సులువు: 98 సీసీ బండి ఇప్పుడు 101 సీసీ అయింది. దీంతో స్పీడేమీ పెరగదు, చెప్పుకోడానికి బాగుంటుందంతే.

అక్కడే ఇంకో మాట అడిగి చేయించాను. బోరు వేశాక పోర్టుల (సిలిండర్ గోడలో గాలి, పొగ వెళ్లే కంతలు) అంచులు బ్లేడులా ఉంటాయి. వాటిని సన్నగా అరగదీయకపోతే రింగు తట్టుకుని విరుగుతుంది. కొందరు అడిగితేనే చేస్తారు. క్రాంకుకి కొత్త కనెక్టింగ్ రాడ్ కిట్ ప్రెస్ చేయించి, వంకర లేదని డయల్ గేజి పెట్టి తిప్పి చూపించమన్నాను. పిస్టన్ కిట్, రాడ్ కిట్, బేరింగులు, సీళ్లు, లేత్ కూలి అన్నీ కలిపి నాకు 8,400 అయింది.

ఇంటికొచ్చాక రింగుని ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, కొసల మధ్య సందు ఫీలర్ గేజితో చూశాను. 0.25 వచ్చింది, బాగానే ఉంది. పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. పిస్టన్ పిన్నుని పట్టి ఉంచే సర్క్లిప్ పెట్టేటప్పుడు క్రాంక్‌కేసు (క్రాంకు ఉండే డబ్బా) మూతికి గుడ్డ కుక్కండి. నేను కుక్కాను కాబట్టి ఎగిరిన క్లిప్పు గుడ్డ మీద పడింది.

ఆగస్టు

ట్యాంకు లోపలంతా తుప్పు. కిరాణా కొట్లో కిలో నిమ్మ ఉప్పు తెచ్చి, వేడినీళ్లలో కరిగించి ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచాను. మర్నాడు నల్లటి నీళ్లు దిగాయి. రెండోసారి పోస్తే లోపల బూడిదరంగు ఇనుము కనిపించింది. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే 2టీ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పాలి. ఆ ఆయిల్ సంగతి భోజనం చేసొచ్చి చూద్దామనుకుంటే, వచ్చేసరికి మళ్లీ ఎర్రటి పొర. మూడోసారి నిమ్మ ఉప్పు కొంటుంటే కొట్టతను "పులిహోర కాంట్రాక్టా?" అని అడిగాడు.

సైలెన్సర్ మసికి కాస్టిక్ సోడా వాడాను. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి, నీళ్లలో సోడా వేయాలి తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం ముక్కకి మాత్రం అది తగలనివ్వొద్దు, తినేస్తుంది. లోపలి గొట్టానికి కన్నాలు పెడితే సౌండ్ వస్తుందని సలహాలు చాలానే వచ్చాయి. టూస్ట్రోక్‌కి సైలెన్సర్ కూడా ఇంజిన్‌లో భాగమే, లోపల వెనక్కి తన్నే అలల లెక్క మీదే దాని పవర్ ఉంటుంది. నేను ముట్టుకోలేదు.

రంగు వానాకాలంలో వేయడం నా తప్పు. డ్యూకో (థిన్నర్‌తో కలిపి స్ప్రే చేసే రంగు) కొట్టిన అరగంటకి నల్లటి ట్యాంకు మీద మజ్జిగ చల్లినట్టు తెల్లగా పేలింది. థిన్నర్ ఆరేటప్పుడు చల్లబడిన రేకు మీదికి గాలిలో తేమ దిగుతుంది, అదే ఆ తెలుపు. వెయ్యి నంబరు వాటర్ పేపర్‌తో మొత్తం తీసేసి, ఎండ కాసిన రోజు కోసం తొమ్మిది రోజులు ఆగాను. పైన పీయూ క్లియర్ (గట్టిపడే పారదర్శక పూత) కొట్టించాను, ఎందుకంటే ఉత్త డ్యూకో మీద పెట్రోలు ఒలికితే రంగు చేతికొస్తుంది.

కస్టమ్ అని చెప్పుకోడానికి చివరికి మిగిలినవి రెండే: పొట్టి ఫ్లాట్ సీటు, ఎల్‌ఈడీ హెడ్‌లైటు. ఈ బండిలో హెడ్‌లైటు బ్యాటరీ నుంచి కాక నేరుగా కాయిల్ ఏసీ మీద వెలుగుతుంది. ఎల్‌ఈడీ పెడితే మిణుకు మిణుకుమంటుంది, మధ్యలో బ్రిడ్జి రెక్టిఫయర్, కెపాసిటర్ వేస్తే కుదురుకుంది. కిందికి వంగిన హ్యాండిల్ కూడా కొన్నాను. నాన్న ఒకసారి కూర్చుని చూసి దిగిపోయాడు. "దీనిమీద పడుకోవాలా, నడపాలా?" పాత హ్యాండిలే మళ్లీ పెట్టాను. స్పోకులు, బ్రేక్ షూలు, కేబుళ్లు, చైన్‌సెట్ అన్నీ కొత్తవి, వాటిలో చెప్పేంత విశేషం లేదు.

సెప్టెంబరు

మూడో కిక్కుకి స్టార్టయింది. వీధి చివరిదాకా నీలిపొగ, అమ్మ తలుపులు వేసుకుంది. పది నిమిషాల్లో ఆనందం ఆవిరైంది. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే సౌండ్ దిగడం లేదు, పైనే వేలాడుతోంది. చోక్ సగం లేపితే దారికొస్తోంది. ప్లగ్ తీస్తే పింగాణీ సున్నం కొట్టినంత తెల్లగా ఉంది. అంటే ఎక్కడి నుంచో గాలి లాగుతోంది. ఇలాగే నడిపితే కొత్త పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది.

రెండ్రోజులు కార్బొరేటర్ మీదే కూర్చున్నాను. జెట్లు మార్చాను, సూది గాటు మార్చాను, ఫలితం లేదు. అప్పుడు బామ్మ పాత బీపీ మిషన్ గుర్తొచ్చింది. చేత్తో ఒత్తే బుడ్డి, గుండ్రటి గడియారం ఉండే రకం. చేతికి కట్టే పట్టీ పీకేసి, గొట్టాన్ని రబ్బరు బిరడాకి దూర్చి కార్బొరేటర్ మూతికి బిగించాను. ఎగ్జాస్ట్ పోర్టుకి సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద ఇనప రేకు. ఇంజిన్‌కి 2టీ పంపే ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్న గొట్టం కూడా మూయాలి, నేను మొదట అది మర్చిపోయాను. పిస్టన్ కింద ఉండేలా తిప్పి పెట్టి బుడ్డి ఒత్తితే ముల్లు 250కి ఎక్కింది. అది అయిదు పీఎస్‌ఐకి కాస్త తక్కువ, అంతకంటే ఎక్కువ ప్రెషర్ ఈ పరీక్షకి అవసరం లేదు.

ముల్లు నిలబడలేదు, పదిహేను సెకన్లలో సున్నా. హెడ్డు చుట్టూ సబ్బునీళ్లు రాశాను, ఏమీ లేదు. సిలిండర్ అడుగున, రీడ్ వాల్వు (కార్బొరేటర్ వెనక గాలిని ఒక వైపే వదిలే రేకులు) దగ్గర కూడా లేదు. మాగ్నెట్ విప్పి క్రాంకు చుట్టూ బ్రష్షుతో రాస్తే, గాలి పోకుండా ఆపే రబ్బరు సీలు కింది అంచులో ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. చిన్న స్క్రూ దించి సీలు లాగి, పెదవి మీద వేలు పెట్టి తిప్పితే ఒకచోట గోరు తట్టింది. ఒక్క గాటు! క్రాంకు మీద కీ (మాగ్నెట్ జారకుండా పట్టే ఇనప ముక్క) కూర్చునే గాడి అంచు పదునుగా ఉంటుంది. సీలు ఎక్కించేటప్పుడు ఆ గాడి మీద నుంచి ఒట్టిగా తోసేశాను.

కొత్త సీలు 90 రూపాయలు. ఈసారి గాడికి పాల ప్యాకెట్ కవరు చుట్టి, సీలు పెదవికి గ్రీజు రాసి జార్చి, తర్వాత కవరు లాగేశాను. ముల్లు ఆరు నిమిషాల్లో 250 నుంచి 235కి వచ్చింది. క్లచ్ వైపు సీలు అనుమానం కూడా తీర్చుకున్నాను: అది కారితే గాలి గేర్‌బాక్స్ బ్రీదర్ (ఊపిరి కంత) లోంచి వస్తుంది. బ్రీదర్‌కి బెలూన్ తొడిగాను, ఉబ్బలేదు. చోక్ అక్కర్లేకుండా ఐడిల్ దిగింది, సౌండ్ ఎక్కడ వదిలితే అక్కడ తగ్గుతోంది.

అక్టోబరు, ఇప్పటికి

కొత్త పిస్టన్ కుదురుకునేదాకా (రన్నింగ్-ఇన్) ఆయిల్ పంపు ఉన్నా సరే ట్యాంకులో లీటరుకి 20 మిల్లీ 2టీ అదనంగా కలుపుతున్నాను. పొగ ఎక్కువే, పర్వాలేదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపు, వాషర్లు దానికి మెత్తబడతాయని ముందే మార్చేశాను. బండి వారం పైన కదలకపోతే ట్యాప్ కట్టి కార్బొరేటర్ ఖాళీ చేస్తున్నాను. కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాక ప్లగ్ ఇటుకరంగు చూపిస్తోంది.

నిన్న సాయంత్రం నాన్న అడక్కుండానే తాళం తీసుకుని కాలువ గట్టు దాకా వెళ్లొచ్చాడు. అరవై దాటొద్దని చెప్పాను. ఎంతలో వెళ్లాడో చెప్పలేదు. అమ్మ వెనక కూర్చోనంది. మీటరు కొత్తగా మొదలుపెట్టిన దగ్గర్నుంచి 212 కిలోమీటర్లు అయింది. పెట్రోలు ట్యాప్ దగ్గర చిన్న చెమ్మ ఉంది, ఈ ఆదివారం వాషర్ మారుస్తాను. 500 దాటాక సిలిండర్ విప్పి గోడలు చూసి రాస్తాను.