ఎమ్మెస్ పటంలో రంగులు ఏం లెక్కపెడుతున్నాయి?

మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎమ్మెస్) అంటే రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు. దాని ప్రపంచ పటంలో ఉత్తరాది దేశాలు ముదురు రంగులో, భూమధ్యరేఖ చుట్టుపక్కలవి లేత రంగులో ఉంటాయి. ‘చలిదేశాల జబ్బు’ అన్న పేరు అలా పడిపోయింది. ఆ పేరును నమ్ముకుంటే వైద్యంలో పొరపాట్లు జరుగుతాయి.

2020 అంచనా ప్రకారం ప్రపంచంలో ఎమ్మెస్ ఉన్నవారు సుమారు 28 లక్షలు, అంటే లక్షమందికి 36. జర్మనీలో అది 300 పైమాటే. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో 400 దాకా లెక్కకొచ్చింది.

ఎండ ప్రభావం తేటగా తెలిసేది ఆస్ట్రేలియాలో. జనం మూలాలు చాలావరకు ఒకటే, అయినా దక్షిణాన టాస్మేనియాలో ఎమ్మెస్ ఉష్ణమండలపు క్వీన్స్‌లాండ్ కంటే బాగా ఎక్కువ. ఎండ తగ్గితే విటమిన్ డి తగ్గడం ఇందుకు ఒక కారణం కావచ్చు. కానీ ఎండకు కొదవలేని ఇటలీ దీవి సార్డీనియాలో ఎమ్మెస్ ఎక్కువ, ధ్రువానికి దగ్గరగా, ఐరోపా ఉత్తర కొసన బతికే ఆదివాసులైన సామీ ప్రజల్లో తక్కువ. అక్కడ వంశపారంపర్యంగా వచ్చే, రోగనిరోధకతను నడిపే హెచ్ఎల్ఏ జన్యువుల పాత్ర పెద్దది. ఎప్‌స్టైన్-బార్ వైరస్ సంగతీ ఉంది: అది పసితనంలో సోకితే చాలావరకు తెలియకుండానే పోతుంది, యవ్వనంలో గ్రంథి జ్వరంగా (మెడ గ్రంథులు వాచే జ్వరంగా) వస్తే ఎమ్మెస్ ముప్పు పెరుగుతుంది. అది ఏ వయసులో సోకుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

ఇక లెక్క సంగతి. ఎమ్మారై, న్యూరాలజిస్టు అందుబాటులో లేనిచోట జబ్బు ఉన్నా పటంలోకి ఎక్కదు. మంచి వైద్యంతో రోగులు ఎక్కువకాలం బతికినా ఉన్నవారి సంఖ్య పెరుగుతుంది. అందుకే ఏటా వచ్చే కొత్త కేసుల లెక్క విడిగా చూడాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది న్యూరోమైలైటిస్ ఆప్టికా. కంటినరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే ఈ జబ్బును జపాన్‌లో చాలాకాలం ఎమ్మెస్‌లో ఒక రకంగానే లెక్కించారు. 2004లో దాని యాంటీబాడీ (రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత శరీరంపైకే వదిలే ప్రోటీన్) దొరికాక రెండూ వేరని తేలింది. తూర్పు ఆసియా, ఆఫ్రికా మూలాలవారిలో ఇది ఎక్కువ. వెన్నుపాములో మచ్చ మూడు వెన్నుపూసల పొడవు గానీ అంతకు మించి గానీ ఉన్నా, రెండు కళ్ల చూపూ ఒకేసారి తగ్గినా, ఆగని వెక్కిళ్లు, వాంతులు వచ్చినా దీన్ని అనుమానించాలి. ఆ యాంటీబాడీ పేరు ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ; దాని పరీక్షను రక్తంతో, కణాధారిత పద్ధతిలో (ల్యాబ్‌లో పెంచిన కణాలపై) చేయించాలి, వీలైతే ప్లాస్మా మార్పిడికి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చే చికిత్సకు) ముందే. తర్వాత తీసిన నమూనాలో యాంటీబాడీ ఉన్నా లేనట్టు రావచ్చు. అలా పొరబడి బీటా ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటి ఎమ్మెస్ మందులు మొదలుపెడితే ఈ జబ్బు ముదిరి, చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.